అగ్నిబిలంలో ఒక మధ్యాహ్నం

గత షవ్వాల్ సెలవుల్లో మేము ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఉంటున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళివచ్చాము. మా శ్రీమతి కూడా వచ్చింది. ఈ రెండవ వాక్యం రాయడానికి మాకు రెండేళ్ళు పట్టింది. వెన్నుపూస జబ్బుతో ఆమె కాళ్ళలో బలం పోయి ఆరేళ్ళయింది. అప్పటినుండి చక్రాల కుర్చీయే ఆమె నడక. అబ్బాయి పిలిచిన ప్రతిసారీ "మీరు వెళ్ళి రండి, నేను వస్తే అందరికీ ఇబ్బంది" అనేది. చివరికి మనవడు ఫోనులో "దాదీ, నువ్వు రాకపోతే నేను మాట్లాడను" అని అలిగిన తరువాతే ఒప్పుకుంది.

విమాన ప్రయాణం గురించి, నగరంలోని భవనాల గురించి ఇక్కడ రాయబోవడం లేదు. అవి చూసినవారు చాలామంది ఉన్నారు, మాకంటే బాగా రాసినవారూ ఉన్నారు. మేము చెప్పదలచింది ఒక్క చోటు గురించి. దాని పేరు టవర్ హిల్. మెల్‌బోర్న్‌కు పడమరగా సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, వార్నంబూల్ పట్టణం దాటిన తరువాత, సముద్రానికి దగ్గరగా ఉంది. అది ఒక చల్లారిన అగ్నిపర్వత బిలం. ఆ బిలంలోనే ఒక వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం ఉంది.

"అగ్నిపర్వతమా? నన్నెవరు ఎక్కిస్తారు?" అంది మా శ్రీమతి. "ఎక్కడం కాదమ్మీ, దిగడం. అది కూడా కారులోనే" అన్నాడు అబ్బాయి.

ఫజ్ర్ నమాజ్ ముగించుకొని బయలుదేరాము. గీలాంగ్ దాటాక నేల చదునుగా పరచుకుంటుంది. కొలాక్, కాంపర్‌డౌన్ వైపు పోయేకొద్దీ ఆ చదును మధ్య గుండ్రటి గుట్టలు ఒక్కొక్కటే లేస్తాయి. పొలాల గట్లపై నల్లరాయిని సున్నం లేకుండా పేర్చిన గోడలు కనిపిస్తాయి. ఆ గుట్టలన్నీ ఒకప్పుడు నిప్పు కక్కినవేనని అబ్బాయి చెప్పాడు. విక్టోరియా రాష్ట్రపు పడమటి మైదానంలో అలాంటివి 400కు పైగా ఉన్నాయట. రైతులు పొలంలో అడ్డొచ్చిన రాళ్ళు ఏరి గోడ కట్టుకున్నారు. పొలమూ బాగుపడింది, గొర్రెలకు కంచె కూడా దొరికింది.

ఆ రాయిని చూడగానే మాకు మన ప్రాంతం గుర్తుకొచ్చింది. మేము కొవ్వూరు దగ్గరి వాళ్ళం. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో పగలగొట్టే నల్లరాయి కూడా లావాయే. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిపై పొరలు పొరలుగా పారిన ఆ ద్రవశిల గోదావరి తీరం దాకా వచ్చి గడ్డకట్టిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. మన ఇళ్ళ పునాదుల్లో, రోడ్ల కంకరలో, రైలు పట్టాల కింద ఉన్నది అదే. మా మద్రసా మెట్లు కూడా ఆ రాతివే. ఆ మెట్ల సంగతి తరువాత చెబుతాము.

బిలం అంచుపై రోడ్డు పక్కన ఆగి చూశాము. మూడు నాలుగు కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద గిన్నె. దాని అడుగున నీరు, జమ్ము, ఆ నీటి మధ్య చెట్లతో నిండిన గుట్టలు. గిన్నె లోపలి గోడలు పుస్తకాన్ని అడ్డంగా పెట్టినట్లు సన్నని పొరలతో ఉన్నాయి. ఒక్కొక్క పొర ఒక్కొక్క పేలుడు. భూమి లోపలి నుండి పైకి వస్తున్న ద్రవశిలకు భూగర్భ జలం తగిలి, నీరు ఒక్కసారిగా ఆవిరై, రాయిని బూడిదగా ఎగజిమ్మింది. ఆ బూడిదే చుట్టూ పడి గోడగా నిలిచింది. అందుకే ఇది ఆకాశానికి లేచిన శిఖరం కాకుండా నేలలో పడిన గుంటగా మిగిలింది. తరువాత నీటి పాలు తగ్గడంతో లోపల ఎర్రగా, నల్లగా బెజ్జాలు పడిన తేలికపాటి రాళ్ళు ఎగిసి కుప్పలయ్యాయి. మధ్యలోని గుట్టలు అవే. 2020లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆర్గాన్ వాయువు పద్ధతితో లెక్కగట్టి, ఇదంతా సుమారు 37,000 సంవత్సరాల క్రితం జరిగిందని తేల్చారు.

అప్పటికే అక్కడ మనుషులున్నారు. 1940లలో ఈ దగ్గరలో గుంత తవ్వుతుంటే, ఈ పర్వతం చిమ్మిన బూడిద పొర అడుగున ఒక రాతి గొడ్డలి దొరికింది. బూడిద పడకముందే ఎవరి చేతి నుండో అది జారిపడి ఉండాలి. ఈ నేల గుండిట్జ్‌మారా ఆదివాసులది. బిలం లోపలి సందర్శక కేంద్రాన్ని నడిపే బాధ్యతను ఇక్కడి ఆదివాసీ సహకార సంఘం చేపట్టింది.

మేము ముప్పై ఏళ్ళుగా పిల్లలకు హదీసు పాఠాల్లో ఒక మాట చెబుతున్నాము. మదీనా నగరం రెండు 'లాబా'ల నడుమ ఉంది. లాబా అంటే నల్లరాళ్ళ నేల. 'హర్రా' అని కూడా అంటారు. నిఘంటువు చూసి అర్థం చెప్పడమే గాని, ఆ నల్లరాళ్ళు లావా అన్న సంగతి ఎన్నడూ పిల్లలకు విడమరచి చెప్పలేదు. హిజ్రీ 654, అనగా క్రీ.శ. 1256లో, మదీనాకు తూర్పున భూమి చీలి నిప్పు పైకి వచ్చింది. యాభై రోజులకు పైగా మండింది. కరిగిన రాయి ఏరులా నగరం వైపు సాగి కొన్ని మైళ్ళ దూరంలో ఆగిపోయింది. ఆ రోజుల్లో మదీనా వాసులు రాసిన లేఖల్ని చరిత్రకారులు భద్రపరిచారు. అవి చదివాము, చదివించాము. అయినా ఆ బిలం అంచున నిలబడి, పొరలు పొరలుగా ఉన్న గోడను చూసినప్పుడు గాని ఆ లేఖలు రాసినవారి భయం ఎలాంటిదో మాకు తోచలేదు. పుస్తకంలో ఉన్నంతకాలం అది కేవలం ఒక కఠిన పదం.

అంచు నుండి ఒకవైపే పోయే తారురోడ్డు మెలికలు తిరుగుతూ బిలం అడుగుకు దిగుతుంది. మా కారు ఆ రోడ్డున మెల్లగా దిగుతుంటే మా శ్రీమతి కిటికీ అద్దం పూర్తిగా దించి బయటికి చూస్తూ కూర్చుంది. అడుగుకు చేరాక అబ్బాయి కుర్చీని దించి విప్పాడు. ఆమెను ఎత్తి కూర్చోబెట్టాము. ఎదురుగా గుండ్రటి రాతి భవనం, దానికి సమతలంగా బాట, పచ్చిక, బల్లలు. ఎక్కడా గడప లేదు.

ఇంటి నుండి బయలుదేరేముందు ఆమె నీళ్ళు తాగదు. ఇది ఆరేళ్ళ అలవాటు. ఎంత ఎండైనా, ఎంత దూరమైనా అంతే. కారణం చెప్పనక్కరలేదు. కుర్చీతో లోపలికి పోగలిగే మరుగుదొడ్డి మన వైపు పెళ్ళి మంటపాల్లో ఉండదు, బస్టాండుల్లో ఉండదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చాలా మసీదుల్లో కూడా ఉండదు. ఇక్కడ మా కోడలు ముందుగా వెళ్ళి చూసి వచ్చి, "అమ్మీ, తలుపు వెడల్పుగా ఉంది, లోపల కుర్చీ తిరుగుతుంది, పట్టుకోవడానికి కడ్డీలు కూడా ఉన్నాయి" అని చెప్పింది. ఆ తరువాత మా శ్రీమతి సీసా అడిగి తీసుకొని గటగటా నీళ్ళు తాగింది. ఆ ప్రయాణంలో మేము చూసిన వింతల్లో మొదటిది ఇదే అంటే పాఠకులు నవ్వుకోవచ్చు.

ఆ గుండ్రటి భవనం 1960లలో రాబిన్ బాయిడ్ అనే పేరుగాంచిన వాస్తుశిల్పి రూపకల్పన చేసినది. లోపల ఒక చిత్రపటం నకలు ముందు చాలాసేపు నిలబడ్డాము. ఈ ప్రాంతపు కథంతా ఆ పటంలోనే ఉంది.

1855లో యూజీన్ ఫాన్ గెరార్డ్ అనే ఆస్ట్రియా దేశపు చిత్రకారుడు, ఈ దగ్గర స్థిరపడిన జేమ్స్ డాసన్ కోరిక మేరకు, ఈ బిలాన్ని చిత్రించాడు. ఆయన చెట్టును చెట్టుగా, గడ్డిని గడ్డిగా గీసే మనిషి. ఏ వాలున ఏ జాతి మొక్క ఉందో పోల్చుకునేంత స్పష్టంగా గీశాడు. ఆ తరువాత వలస వచ్చినవారు చెట్లు నరికారు, పశువులు మేపారు, గుట్టల రాయి తవ్వుకుపోయారు. 1892లో చట్టం చేసి దీనిని విక్టోరియా రాష్ట్రపు తొలి జాతీయ వనంగా ప్రకటించారు గాని, ఆ ప్రకటనతో నరుకుడు ఆగలేదు. కాగితంపై వనం, నేలపై బోడిగుట్ట. ఈ పరిస్థితి మనకు తెలియనిదేమీ కాదు. మళ్ళీ 1961లో సంరక్షణ ప్రాంతంగా ప్రకటించి, ఈసారి పనికి పూనుకున్నారు. అప్పటికి పాత అడవి ఎలా ఉండేదో చూసిన వారెవరూ మిగలలేదు. అందుకని నూరేళ్ళ నాటి ఆ చిత్రాన్ని ముందు పెట్టుకొని, ఎక్కడ ఏ మొక్క ఉండేదో గుర్తించి, ఆ జాతుల విత్తనాలు సేకరించి నాటారు. నాటినవారిలో చాలామంది చుట్టుపక్కల బడిపిల్లలు. రెండున్నర లక్షలకు పైగా మొక్కలు పాతారు. చెట్లు వచ్చాక పక్షులు వచ్చాయి, జంతువులు వచ్చాయి. కొన్నింటిని తెచ్చి వదిలారు.

ఇస్లాంలో చిత్రలేఖనంపై ఉన్న చర్చ మాకు తెలుసు. చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీయడానికి అనుమతి ఉందని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పిన మాట కూడా తెలుసు. మా మనవడికి అంత విచారణ ఏమీ లేదు. "దాదా, ఈ బొమ్మ చూసి అడవిని కాపీ కొట్టారా?" అని అడిగాడు. అవునన్నాము. "టీచర్ ఏమీ అనలేదా?" అన్నాడు.

బయట పచ్చికపై ఈమూలు తిరుగుతున్నాయి. ఈమూ అంటే మన వైపు కొన్నేళ్ళ క్రితం కొందరు రైతులు పెంచి నష్టపోయిన పక్షి. ఇక్కడ అది యజమాని. బల్లపై పెట్టిన తిండిని అది లాక్కుపోవడం మామూలట. జంతువులకు ఏమీ పెట్టరాదని ఫలకాలున్నాయి. ఒక ఈమూ నేరుగా మా శ్రీమతి వైపు వచ్చి, రెండు గజాల దూరంలో ఆగి, తల పక్కకు వంచి కుర్చీ చక్రాన్ని పరీక్షగా చూసింది. మేము కంగారుపడి ముందుకు కదలబోతే ఆమె చేయెత్తి ఆపింది. కాసేపు ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి అనాలో, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు అనాలో! ఈమూ గుడ్లను మగపక్షే పొదుగుతుందనీ, సుమారు ఎనిమిది వారాలు దాదాపు తిండి లేకుండా వాటిపైనే కూర్చుంటుందనీ కోడలు చెప్పింది. మా శ్రీమతి మావైపు తిరిగి, "వింటున్నారా?" అంది.

కాస్త దూరాన ఒక చెట్టు కొమ్మల చీలికలో కోలా నిద్రపోతోంది. రోజులో ఇరవై గంటల దాకా నిద్రపోయే జంతువది. తినేది యూకలిప్టస్ జాతి ఆకు. దానిలో బలం తక్కువ, అరగడానికి శ్రమ ఎక్కువ. అందుకని కదలకుండా ఉండి బలం మిగుల్చుకుంటుంది. మా మద్రసాలో మధ్యాహ్నం పాఠం వేళ కొందరు విద్యార్థులు ఈ పద్ధతినే పాటిస్తారు గాని, వారు తినేది ఆకులు కాదు.

ఇక్కడ ఉన్నదంతా కుర్చీకి అందుతుందని చెప్పడం నిజం కాదు. బిలం మధ్య గుట్టపైకి ఎక్కే దారి నిటారుగా ఉంది, అది నడవగలిగినవారికే. మరికొన్ని అడవి దారులు మట్టితో, వేళ్ళతో నిండినవి. అబ్బాయి, మనవడు గుట్టెక్కి వస్తామని వెళ్ళారు. కోడలు చంటిదాన్ని నిద్రపుచ్చుతూ కారులో కూర్చుంది. మేమిద్దరమే మిగిలాము. మేము అలవాటుగా కుర్చీ వెనుక పిడులు పట్టుకోబోయాము.

"వదలండి, నేనే పోతాను" అంది.

వదిలాము. ఆమె తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ చదునైన బాటపై ముందుకు సాగింది. మేము వెనుక నడిచాము. ఆరేళ్ళలో ఆమె మాకు ముందు నడవడం అదే మొదటిసారి. ఇంట్లో గది నుండి గదికి పోవడానికి కూడా గడపల దగ్గర ఎవరో ఒకరు ఎత్తాలి. రోడ్డు మీదికి వెళ్ళాలంటే ఇద్దరు కావాలి. ఆమె నెమ్మదిస్తుందేమో, అలిసిపోతుందేమో అని చూస్తున్నాము. ఆమె మాత్రం ఆగలేదు. నీరు కనిపించే చోట తానే ఆపుకుంది. వేసవి వెళ్ళిన రోజులు గనుక నీరు తగ్గి అంచున బురద తేలింది. దూరాన నల్ల హంసలు ఉన్నాయి. గాలికి జమ్ము కదులుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

చాలాసేపటికి ఆమె అంది. "మద్రసాకు వాలు కట్టిస్తామని వచ్చినవారిని మీరు వద్దన్నారట."

ఇప్పుడు ఆ మెట్ల సంగతి చెప్పాలి. మా మద్రసాకు ఆరు మెట్లు. ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆదివారాలు అక్కడ స్త్రీలకు ఖుర్ఆన్ పాఠం చెప్పేది. ఇరవై మందికి పైగా వచ్చేవారు. కాళ్ళు పోయాక మానేసింది. రెండేళ్ళ క్రితం ఒక దాత వచ్చి, మెట్ల పక్కన వాలుబాట కట్టించడానికి డబ్బిస్తానన్నారు. ఆ డబ్బుతో గ్రంథాలయానికి బీరువాలు కొంటే పదిమందికి ఉపయోగమని మేము చెప్పాము. బీరువాలు వచ్చాయి. అసలు కారణం బీరువాలు కాదు. మౌల్వీ సాబ్ తన భార్య కోసం మద్రసా సొమ్ము వాడుకున్నాడని ఎవరైనా అంటారేమోనని భయపడ్డాము. ఆ భయానికి మేము అమానతు అని, జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాము. ఈ విషయం ఇంట్లో చెప్పలేదు. ఊళ్ళో స్త్రీలకు తెలియని రహస్యం ఉంటుందనుకోవడం మా అమాయకత్వం.

"పదిమంది మాటకు జడిశాను" అన్నాము.

ఆమె నీటివైపే చూస్తూ అంది. "నేను మీ భార్యను కాకపోయి ఉంటే ఆ బాట ఎప్పుడో కట్టించేవారు."

జవాబు చెప్పలేకపోయాము. అంతలో మరొక విషయం గుర్తుకొచ్చింది. అదే సంవత్సరం ఒక తండ్రి నడవలేని తన కొడుకును భుజాన మోసుకొచ్చి మా దగ్గర చేర్చాడు. కుర్రవాడు చురుకైనవాడు. తోటి పిల్లలు రోజూ ఎత్తి పైకి తెచ్చేవారు. మూడు నెలలకు రావడం మానేశాడు. కబురు పంపితే ఏదో వంక చెప్పాడు. చదువుపై శ్రద్ధ చాలక మానేశాడని హాజరు పుస్తకంలో రాసి సంతకం పెట్టింది మేమే. రోజుకు రెండుసార్లు, నలుగురి చేతుల్లో, అందరూ చూస్తుండగా మూటలా పైకి, కిందికి పోవడం పన్నెండేళ్ళ పిల్లవాడికి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. ఆ పేరు ఆమెకు చెప్పాము. "వాడు మా క్లాసుకు వచ్చే ఆవిడ మనవడే. నీళ్ళు తాగడం మానేశాడట బళ్ళో ఉన్నంతసేపూ" అంది.

అబ్బాయీ మనవడూ గుట్ట దిగి వచ్చేసరికి జుహర్ వేళ అయింది. ఖిబ్లా ఏ వైపని అబ్బాయి ఫోనులో చూశాడు. విచిత్రంగా ఇక్కడ కూడా మన ఊళ్ళోలాగే పడమర, కొంచెం ఉత్తరానికి ఒరిగి. సముద్రాలు దాటి ఇంత దూరం దక్షిణానికి వచ్చినా మొగం తిప్పవలసిన దిక్కు మారలేదు. పచ్చికపై దుప్పటి పరచి ప్రయాణీకుల నమాజ్ రెండు రకాతులు చేశాము. ఆమె కుర్చీలోనే సైగలతో చేసింది. సజ్దాలో నుదురు ఆన్చినప్పుడు నేల చల్లగా, కాస్త గరుకుగా తగిలింది. సలాం చెప్పి చూస్తే ఈమూ మా చెప్పుల దగ్గర నిలబడి ఉంది. మనవడు నవ్వు ఆపుకోలేక మూతికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆమె అబ్బాయిని ఒక్కటే అడిగింది. వాలు ఎంత ఉండాలని. వాడు వృత్తిరీత్యా కట్టడాల లెక్కలు తెలిసినవాడు. ఆస్ట్రేలియా నిబంధన ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పద్నాలుగు అడుగుల పొడవు, మన దేశపు మార్గదర్శకాల్లో పన్నెండు అడుగులు అని చెప్పాడు. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గురించి కూడా ఏదో చెబుతున్నాడు గాని ఆమె వినడం లేదు. వేళ్ళు మడుస్తూ లెక్క వేస్తోంది. ఆరు మెట్లు, మెట్టుకు ఏడంగుళాలు, మొత్తం నలభై రెండంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. మన లెక్కన నలభై రెండడుగుల బాట. మద్రసా గేటు నుండి మెట్ల దాకా ఉన్నది ముప్పై ఆరే.

"మధ్యలో ఒక మలుపు తిప్పాలి" అంది.

ఊరు చేరిన వారానికి మేము దాత ఇంటికి వెళ్ళి, వెనుక జరిగినదంతా ఉన్నదున్నట్లు చెప్పాము. ఆయన ఏమీ అనకుండా టీ తెప్పించారు. తరువాత ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాము. వాడు బయటికి రాలేదు. తలుపు చాటునుండి సలాం మాత్రం చెప్పాడు. రెండవసారి వెళ్ళినప్పుడు బయటికి వచ్చి కూర్చున్నాడు. మద్రసాకు వస్తానని ఇంకా అనలేదు.

మొన్న మేస్త్రీ వచ్చి తాడు పట్టి కొలిచాడు. మలుపు పడే చోట మునగచెట్టు అడ్డొస్తోంది, కొట్టేద్దామా అన్నాడు. మా శ్రీమతి గేటు దగ్గర కుర్చీలో కూర్చొని చూస్తోంది. చెట్టు జోలికి పోవద్దనీ, మలుపును నాలుగడుగులు ఇవతలికి జరపమనీ చెప్పింది. మేస్త్రీ మావైపు చూశాడు. ఆమె చెప్పినట్లే గీయమన్నాము. అతడు తాడు విప్పి, ముగ్గు తీసుకొని మళ్ళీ మొదటినుండి గీత గీయడం మొదలుపెట్టాడు.